తెనాలి సభ, ఫాసిస్టు వ్యతిరేక మైత్రి

సాహిత్య విద్యార్థులు నన్ను తరచు అడిగే ప్రశ్న ఒకటుంది. 1942 ఆగస్టు 12న తెనాలిలో పోలీసు కాల్పులకు ఏడుగురు బలయ్యారు. వారి స్మృతి చిహ్నంగా రణరంగ చౌక్ నేటికీ నిలిచి ఉంది. సరిగ్గా ఆరు నెలలకు, 1943 ఫిబ్రవరి 13, 14 తేదీల్లో, అదే తెనాలిలో తాపీ ధర్మారావు అధ్యక్షతన అభ్యుదయ రచయితల సంఘం తొలి మహాసభ జరిగింది. సంఘానికి చోదకశక్తిగా ఉన్న కమ్యూనిస్టు రచయితలు అప్పటి యుద్ధాన్ని ప్రజాయుద్ధమన్నారు. అంటే కాల్పులు జరిపించిన ప్రభుత్వం ఏ పక్షాన ఉందో ఆ పక్షమే గెలవాలని కోరారు. ఇదెలా పొసిగింది? అయిదేళ్లు తిరిగేసరికి ఆ మైత్రి ఏమైపోయింది?

జవాబు తెనాలిలో మాత్రమే వెతికితే దొరకదు. 1941 జూన్ 22న హిట్లర్ సోవియట్ యూనియన్ మీద పడ్డాడు. మరుసటి నెలలోనే బ్రిటన్, సోవియట్‌లు ఒప్పందం చేసుకున్నాయి. అంతవరకు సామ్రాజ్యవాద యుద్ధమన్న మన కమ్యూనిస్టు పార్టీ ఆ ఏడాది చివర వైఖరి మార్చుకుంది. 1942 జూలైలో పార్టీపై నిషేధం తొలగింది. తెనాలి సభకు పదకొండు రోజుల ముందే స్టాలిన్‌గ్రాడ్‌లో జర్మన్ సేనలు లొంగిపోయాయి. ఆ సభలోని ఉత్సాహాన్ని ఈ నేపథ్యం లేకుండా అర్థం చేసుకోలేం.

మా వైపు నల్లరేగడి చేలల్లో వాగు పొంగితే పత్తిచేను ఆసామీ, మిరపచేను ఆసామీ పాత తగువు పక్కనపెట్టి కలిసి కట్ట వేస్తారు. నీరు తీశాక గట్టు తగువు మళ్లీ మొదలవుతుంది. కట్ట వేసిన రోజున వాళ్లు నటించారని కాదు. తగువు తీరిందనీ కాదు. ఫాసిజం అలాంటి వరద. మిత్రరాజ్యాలను కలిపింది ఉమ్మడి శత్రువే గాని ఉమ్మడి గమ్యం కాదు.

యుద్ధం ముగిసేనాటికి సోవియట్ ప్రజలు సుమారు 2 కోట్ల 70 లక్షల మందిని కోల్పోయారు. తమ పడమటి సరిహద్దున అనుకూల ప్రభుత్వాలుండాలనీ, జర్మనీ నష్టపరిహారం చెల్లించాలనీ వారి పట్టుదల. అమెరికా ఫాక్టరీలు చెక్కుచెదరలేదు; వాటి సరుకుకు మార్కెట్లు కావాలి, పెట్టుబడికి తెరిచిన తలుపులు కావాలి. ప్రణాళికాబద్ధమైన ప్రభుత్వ రంగానికీ లాభం కోసం సాగే ప్రైవేటు రంగానికీ ఇక్కడే ఘర్షణ. 1944 జూలైలో బ్రెటన్ వుడ్స్ సమావేశానికి వెళ్లిన సోవియట్ ప్రభుత్వం అక్కడి ఒప్పందాలను చివరకు ఆమోదించలేదు. 1946 మార్చిలో చర్చిల్ ఫుల్టన్ ఉపన్యాసం, 1947లో ట్రూమన్ సిద్ధాంతం, మార్షల్ ప్రణాళిక వరుసగా వచ్చాయి. మార్షల్ సాయాన్ని మాస్కో తిరస్కరించింది. పోలండ్, చెకొస్లొవేకియాల చేతా తిరస్కరింపజేసింది. ఆ దేశాల ప్రజల ఇష్టాయిష్టాలేమిటన్న ప్రశ్నను మన విమర్శకులు చాలాకాలం దాటవేశారు. ఇది ఒప్పుకోక తప్పదు.

ఈ చీలిక మన గడప కూడా తొక్కింది. 1948లో కలకత్తా మహాసభలో కమ్యూనిస్టు పార్టీ తీవ్ర పంథా చేపట్టింది. తెలంగాణలో సాయుధ పోరాటం, మద్రాసు రాష్ట్రంలో నిర్బంధం సాగుతున్న రోజులవి. రచయితలు కొందరు జైలుకు, కొందరు అజ్ఞాతానికి వెళ్లారు. తెనాలిలో పరిచిన విశాల వేదిక ఇరుకైంది.

ఆ తర్వాత పోటీ పుస్తకంగానూ గింజగానూ వచ్చింది. మాస్కో నుంచి ఉప్పల లక్ష్మణరావు వంటి వారి అనువాదాలు విశాలాంధ్ర దుకాణాలకు చౌకగా చేరాయి. ఫోర్డ్ ఫౌండేషన్ ధనసహాయంతో 1955లో మద్రాసులో దక్షిణ భాషా పుస్తక సంస్థ ఏర్పడింది. 1956లో పి.ఎల్. 480 ఒప్పందం కింద అమెరికా గోధుమలతోపాటు పత్తి కూడా మన దేశానికి వచ్చింది. గుంటూరు, ఒంగోలు పొగాకుకేమో సోవియట్ యూనియన్ పెద్ద కొనుగోలుదారైంది. మన పాఠకుడు రెండు శిబిరాల పుస్తకాలూ చదివాడు. మన రైతు బతుకు రెండు శిబిరాల బేరాలతోనూ ముడిపడింది.

ఇందులో సాహిత్య విద్యార్థి నేర్చుకోవలసిందేమిటి? 1943 నాటి కవితను 1948 నాటి కొలబద్దతో కొలవరాదు. రాసిన తేదీ కవితలో భాగమే. అలాగని తేదీ చూపి అన్నిటినీ మాఫీ చేయనూ కూడదు. ఫాసిజాన్ని ఎదిరించిన కలం తప్పు చేయలేదని నా దృఢాభిప్రాయం. కాని పక్కన నిలిచిన మిత్రుడి దోపిడీ విషయంలో గొంతు తగ్గించిన చోటల్లా ఆ కలం బలహీనపడింది. తర్వాత అదే మిత్రుణ్ణి ఒక్కసారిగా తిట్టిపోసినప్పుడు, నిన్నటి మౌనం సంగతేమిటని పాఠకుడు నిలదీస్తే మన దగ్గర సమాధానం లేకపోయింది.

ఐక్య సంఘటనలు రేపూ అవసరమవుతాయి. రచయిత వాటిలో చేరాలి, కట్ట మీద మట్టి వేయాలి. గట్టు తగువు మాత్రం మరిచిపోకూడదు. రణరంగ చౌక్‌నూ తెనాలి సభనూ ఒకే పాఠంలో చెప్పగలిగిన నాడే మన ఉద్యమ చరిత్రను నిజాయితీగా చెప్పినవాళ్లమవుతాం.