గిరీశం కూడా రైటరే: కన్యాశుల్కంలో బిల్లు ఎవరు కడుతున్నారు?

ఈసారి మన విజయనగరం పుస్తకమే, గురజాడ అప్పారావు గారి కన్యాశుల్కం. "అబ్బా, మళ్లీ అదేనా" అనుకునేవాళ్లు ఒక్క ఐదు నిమిషాలు ఆగండి. సాంఘిక దురాచారం, సంస్కరణ, వాడుక భాష, ఇవన్నీ స్కూల్లో రాసేసి మార్కులు తెచ్చుకున్నవే. నేను ఇవాళ అడిగే ప్రశ్న వేరు. అసలు గిరీశం ఏం పని చేస్తాడు?

ఉద్యోగం లేదు. చేతిలో చుట్ట, నోట్లో ఇంగ్లీషు, ఊరంతా అప్పులు. తిండి పూటకూళ్లమ్మ ఇంట్లో, సరదా మధురవాణి ఇంట్లో. కానీ ఆయన తన గురించి తాను చెప్పుకునేదాంట్లో ఒక ముక్క మనం వదిలేస్తాం. ఆయన కవి. వితంతువు మీద ఇంగ్లీషులో పద్యం రాసి, శిష్యుడు వెంకటేశానికి చదివి వినిపిస్తాడు. తాగుడు, తిరుగుడు, అప్పులు, పైన కవిత్వం! ఇలాంటి రైటర్ల కథలు ప్రపంచంలో చాలా ఉన్నాయి కదా. మనకి ఆ టైపు మనిషి 1892లోనే స్టేజి ఎక్కేశాడు.

ఇక్కడ తమాషా ఏంటంటే, గురజాడ కూడా మొదట్లో ఇంగ్లీషు కవే. ఆయన ఇంగ్లీషులో రాసిన సారంగధర చదివి, కలకత్తాలో పత్రిక నడిపే శంభుచంద్ర ముఖర్జీ మెచ్చుకున్నారు. మెచ్చుకుని ఊరుకోలేదు, పరాయి భాషలో ఎంత బాగా రాసినా అది పరాయిదే, నీ భాషలో రాయి అని సలహా ఇచ్చారు. అంటే ఇంగ్లీషు పద్యంతో మురిసిపోయే కుర్రాడు ఎలా ఉంటాడో గురజాడకి బయటినుంచి చూసి తెలుసుకోవాల్సిన అవసరం లేదు. ఆ జోకులో కొంత తన మీద తను వేసుకున్నదే అని నాకనిపిస్తుంది.

ఇప్పుడు స్నేహం సంగతి. ముఖర్జీ చేసింది స్నేహితుడి పని: నిజం చెప్పడం. గురజాడకి ఇంకో స్నేహితుడు మన శ్రీకాకుళం వైపు పర్వతాలపేటలో పుట్టిన గిడుగు రామమూర్తి గారు. ఇద్దరూ విజయనగరంలో కలిసి చదువుకున్నారు, తర్వాత జనం మాట్లాడే తెలుగు పుస్తకాల్లోకి రావాలని కలిసి పోరాడారు. మరి గిరీశం స్నేహం ఎలాంటిది? వెంకటేశానికి చుట్ట కాల్చడం నేర్పుతాడు. పరీక్ష తప్పిన కుర్రాణ్ణి ఇంట్లోవాళ్ల కోపం నుంచి కాపాడతానంటూ కృష్ణరాయపురం అగ్రహారం వెళ్తాడు. నిజానికి ఆయన అప్పులవాళ్ల నుంచి తప్పించుకుంటున్నాడు. పూటకూళ్లమ్మ చీపురు పట్టుకుని వెతుక్కుంటూ వచ్చినప్పుడు మంచం కింద దూరతాడు, దెబ్బ మాత్రం రామప్పంతులికి తగుల్తుంది. మనం పగలబడి నవ్వుతాం. కానీ లెక్క చూడండి. గిరీశం ప్రతి సరదాకీ బిల్లు ఇంకెవరో కడుతున్నారు.

ఇక పెళ్లి. 1897 నాటి ముద్రణకి ఇంగ్లీషులో రాసిన ముందుమాటలో గురజాడ కొన్ని అంకెలిచ్చారు. ఆనంద గజపతి మహారాజు తయారు చేయించిన జాబితా అది. అప్పటి విశాఖపట్నం జిల్లాలో, బ్రాహ్మణ కుటుంబాల్లో, మూడేళ్లలో డబ్బు పుచ్చుకుని చేసిన ఆడపిల్లల పెళ్లిళ్లు 1034. అందులో ఐదేళ్ల పిల్లలు 99 మంది, నాలుగేళ్లవాళ్లు 44, మూడేళ్లవాళ్లు 36, రెండేళ్లవాళ్లు ఆరుగురు, ఏడాది పిల్లలు ముగ్గురు. ఆ ఏడాది బిడ్డల ధర 350 నుంచి 400 రూపాయలు. కూడితే ఐదేళ్లూ అంతకన్నా తక్కువ వయసువాళ్లే 188 మంది. అంటే దాదాపు ప్రతి ఐదున్నర పెళ్లిళ్లకి ఒకటి.

ఈ అంకెలు పక్కన పెట్టుకుని బుచ్చమ్మని చూడండి. తండ్రి అగ్నిహోత్రావధాన్లు డబ్బుకి అమ్మేసిన పిల్ల, భర్త పోయి పుట్టింట్లో ఉంది. ఇప్పుడు చెల్లెలు సుబ్బిని ముసలి లుబ్ధావధాన్లుకి ఇవ్వబోతున్నాడు. ఈ ఇంట్లోకి గిరీశం వచ్చి వితంతు వివాహం గొప్పదని లెక్చరిస్తాడు. చెప్పే మాటలన్నీ కరెక్టే! గురజాడ కూడా సంస్కరణ పక్షమే. అయినా ఆ మాటల్ని గిరీశం నోట్లో పెట్టాడు. ఎందుకు? మంచి మాట నేర్చుకోవడం తేలిక, దాన్ని వాడుకుని ఒక అమ్మాయిని ఇంట్లోంచి లేవదీసుకుపోవడం ఇంకా తేలిక. బుచ్చమ్మని తండ్రి ఒకసారి సొమ్ము చేసుకున్నాడు, గిరీశం రెండోసారి చేసుకోబోయాడు.

అడ్డం పడింది మధురవాణి. గిరీశం అసలు రంగు సౌజన్యారావు పంతులుగారికి తెలిసేలా చేసింది ఆమే. ముక్కూ మొహం తెలియని సుబ్బి పెళ్లి తప్పించడానికి సాయపడింది కూడా ఆమే. నాటకం మొత్తంలో స్నేహం అనదగ్గ పని చేసింది, ఊరు వేశ్య అని పక్కన పెట్టిన మనిషి. 1909లో గురజాడ నాటకాన్ని తిరగరాశారు. మా సాఫ్ట్‌వేర్ భాషలో చెప్పాలంటే చిన్న ప్యాచ్ కాదండీ, మొత్తం రీరైట్. ఐదంకాలు ఏడయ్యాయి, మధురవాణి పాత్ర బాగా పెరిగింది. గిరీశం ఎంత నవ్విస్తాడో తెలిశాక, అతన్ని సరిగ్గా చదవగలిగే మనిషి ఒకరు ఉండాలని ఆయనకి అనిపించి ఉంటుంది.

చివర్లో గిరీశానికి పెళ్లి జరగదు. బుచ్చమ్మని పూనాలో వితంతువుల ఆశ్రమానికి పంపే ఏర్పాటు జరుగుతుంది. కామెడీ అంటే చివర్లో పెళ్లి అనే లెక్క ఇక్కడ కుదరలేదు, కుదరకపోవడమే ఆ అమ్మాయికి మేలయింది.

ఆ రోజుల్లో డబ్బు పిల్ల తండ్రి పుచ్చుకున్నాడు, ఇప్పుడు పిల్లాడి వైపు వాళ్లు పుచ్చుకుంటున్నారు. సంబంధం చూడ్డానికి వచ్చి సమానత్వం గురించి గంట మాట్లాడి, లాంఛనాల విషయం మాత్రం "పెద్దవాళ్లు చూసుకుంటారండి" అనే అబ్బాయి మీకెవరైనా తెలుసా? ఇంగ్లీషు బాగుంటుంది, జోకులూ బాగుంటాయి. బిల్లు ఎవరు కడుతున్నారో ఒకసారి చూడండి.

పుస్తకం ఉంటే మొదటి అంకం పైకి చదవండి, మన విజయనగరం యాసలోనే. వచ్చే ఎపిసోడ్‌లో మధురవాణి గురించి మాట్లాడుకుందాం. ఉంటానండీ.