పాత వెండి రూపాయి: టంకశాల గుర్తా, బజారు దెబ్బా?

పాత వెండి రూపాయికి బజారులో రెండు ధరలుంటాయి. కాటా మీద తేలే వెండి ధర ఒకటి, నాణేల సేకరణదారు ఇచ్చే ధర మరొకటి. నాణెంపై అరుదైన ముద్రణా భేదం ఉన్నట్లయితే రెండవ ధర మొదటిదానికి ఎన్నో రెట్లు పలుకుతుంది. అరిగిన సరుకును అరుదైన రకమని అంటగడితే కొన్నవారు, అసలైన అరుదైన రకాన్ని పోల్చుకోలేక వెండి లెక్కన మూసలో వేస్తే అమ్మినవారు నష్టపోతారు.

ముందుగా చూడవలసినవి సంవత్సరం, తూకం. బ్రిటిష్ హయాంలోని ప్రామాణిక రూపాయి తూకం ఒక తులం, అనగా 11.66 గ్రాములు. అందులో 12 పాళ్లకు 11 పాళ్లు వెండి. 1940లో వెండి పాలు సగానికి తగ్గింది. 1947 రూపాయి నికెల్‌ది. చేతులు మారిన నాణేనికి కొంత తరుగు సహజమే. తరుగు మరీ ఎక్కువగా ఉంటే అంచును ఆకురాయితో రాశారేమో పరిశీలించాలి.

ఉబ్బెత్తా, లోతా?

టంకశాలలో లోహపు బిళ్ళను రెండు అచ్చుల మధ్య ఉంచి ఒత్తుతారు. అచ్చులో లోతుగా ఉన్నది నాణెంపై ఉబ్బెత్తుగా వస్తుంది. కాబట్టి అచ్చు పగిలితే నాణెంపై సన్నని ఉబ్బెత్తు గీత ఏర్పడుతుంది. ఇది టంకశాల గుర్తు. లోతుగా దిగిన గీత సాధారణంగా తర్వాత పడిన గీటే.

విక్టోరియా రాణి బొమ్మ గల 1862 రూపాయి ఇందుకు మంచి ఉదాహరణ. ఆ తర్వాత కొన్నేళ్ళపాటు కూడా రూపాయలు 1862 సంవత్సరంతోనే వెలువడ్డాయి. బొంబాయి టంకశాల బొరుసువైపు చిన్న చుక్కలు వేసి తేడా చూపింది. ఆ చుక్కలను బట్టే రకం నిర్ణయమవుతుంది. అసలు చుక్క ఉబ్బి, గుండ్రంగా ఉంటుంది. తుప్పు తిన్న గుంట, మేకు దెబ్బ చుక్కలు కావు.

పంది రూపాయి సంగతి

1911లో ఐదవ జార్జి వస్త్రంపై చెక్కిన ఏనుగు తొండం పొట్టిగా ఉండి పందిని తలపించడంతో అభ్యంతరాలు వచ్చాయి. ముద్రించిన సుమారు 94 లక్షల రూపాయలలో 7 లక్షల మేరకే బయటికి వచ్చాయి. 1912లో తొండాన్ని సరిదిద్దారు. ఆ తర్వాతి రూపాయిపై తొండం అరిగిపోయినా పందిలాగే కనిపిస్తుంది. అది అరుదైన రకం కాదు, అరుగుదల మాత్రమే. చివరి అంకెను చెక్కి 1911గా మార్చిన నాణెమైతే పొడుగు తొండమే దాన్ని పట్టిస్తుంది.

ఒకవైపు చూసి బేరమాడరాదు

ఒకవైపు సరైన బొమ్మ, రెండవవైపు అదే బొమ్మ తిరగబడి లోతుగా ఉంటే టంకశాల పొరపాటు కావచ్చు. ముందు నాణెం అచ్చుకు అంటుకుపోయినప్పుడు ఇలా జరుగుతుంది. రెండు నాణేలను కలిపి బిగించి నొక్కినా తిరగబడిన అక్షరాలు పడతాయి. అయితే అప్పుడు వాటి కింద అసలు ముద్ర నలిగిన ఆనవాలు మిగులుతుంది. బిళ్ళ కోతలోనే అంచు తెగి ఉంటే, దానికి సరిగ్గా ఎదుటి అంచు కూడా తరచు పలచబడి ఉంటుంది. కత్తిరించిన నాణెంలో ఎదుటి అంచు యథాతథంగా ఉంటుంది. అంచు మీద మచ్చ ఉంటే, దండలో గుచ్చడానికి ఒకప్పుడు పెట్టిన టంకం కావచ్చు.

వీటన్నిటికీ కావలసింది ఒక భూతద్దం, ఒక చిన్న కాటా. అమ్మదలచినవారు నాణేన్ని చింతపండుతో తోమకపోవడం మేలు. తోమితే వెండి ధర మారదు గాని, సేకరణదారు ఇచ్చే ధర పడిపోతుంది.