మంత్రుల నీతి, లేఖకుల ప్రతి

రాజ్యభారము వహించినవారు తమ అనుభవమును నీతిగ్రంథముగా కూర్చి ముందుతరములకు విడిచిపోవుట మిక్కిలి ప్రాచీనమైన ఆచారము. ఈజిప్టున అయిదవ రాజవంశమునకు చెందిన ఇసెసి రాజునకు ప్తాహోతెప్ ప్రధానమంత్రి. అతని పేర వెలసిన ఉపదేశమున 37 నీతులు కలవు. వృద్ధుడైన మంత్రి రాజానుమతి గైకొని, తన పదవికి రానున్న కుమారునకు చేసిన బోధగా అది సాగును. చదువును చూచుకొని గర్వింపరాదనియు, పండితునితోపాటు పామరుని మాటయు వినవలెననియు అందలి తొలి హితవు. భాషనుబట్టి చూడగా ఈ రచన ఆ మంత్రికి కొన్ని శతాబ్దుల తరువాతిదని పలువురి అభిప్రాయము. నేడు లభించు సంపూర్ణమైన ప్రతి ఒక్కటే. అది పారిసు జాతీయ గ్రంథాలయమున కలదు.

తెలుగున దీనికి సాటివచ్చువాడు శివదేవయ్య. 1199 మొదలు 1262 వరకు ఓరుగల్లు నేలిన కాకతి గణపతిదేవునకు అతడు మంత్రియని ప్రసిద్ధి. అతనిదిగా చెప్పబడు ‘పురుషార్థసారము’ సమగ్రముగా దొరకలేదు. మడికి సింగన తన ‘సకలనీతిసమ్మతము’న చేర్చుటచేతనే అందలి పద్యములు కొన్ని నిలిచినవి. సింగన బద్దెన ‘నీతిశాస్త్రముక్తావళి’, ‘ముద్రామాత్యము’ మొదలగువాని నుండియు పద్యములేర్చి, విషయానుసారముగా కూర్చి, ఆకరగ్రంథముల పేర్లు తెలిపినాడు. ఆ పేర్లే లేకున్నచో పద్యములు మిగిలినను కర్తలు మరుగుపడియుందురు.

మూడవ మార్గము కంఠస్థము. ఉత్తరకోస్తా రైలుమార్గము 1902లో బెంగాల్ నాగపూర్ రైల్వే పరమైనది. ఆ సంస్థ కొలువులవెంట తెలుగు కుటుంబములు దూరప్రాంతములకు తరలినవి. ఛత్తీస్‌గఢ్‌లోని బిలాస్‌పూర్ అట్టి రైల్వేపట్టణము. బడిలో నాగరిలిపి నేర్చు బాలునకు అట్టిచోట ఇంటి పెద్దల నోటి పద్యమే తెలుగు గ్రంథము. సుమతీశతకము నిట్లు నేర్చినవారికి పద్యము దక్కును. కర్త పేరు దక్కదు. బద్దెనయే దాని కర్త యను వాడుక నేటికిని వివాదాస్పదమే.

లేఖకుని ప్రతి గ్రంథమును నిలిపినది. కాలనిర్ణయమును సందేహమున విడిచినది. సంకలనము పద్యమును, ఆకరమును కాపాడినది, పూర్వాపరసందర్భమును కోల్పోయినది. కంఠస్థము పద్యమును ఇంటింటికి చేర్చినది, కర్తను మరచినది. కావున ఒక్క మార్గమును నమ్మి ఊరకుండరాదు. దూరప్రాంతములందలి తెలుగు పెద్దలు నేటికిని వల్లించు పద్యములను, పాఠభేదములతో, వారు ఎవరివలన నేర్చిరో ఆ వివరముతో, వ్రాసియుంచుట అవసరము. సింగన తన కాలమున చేసినది అట్టి పనియే.