నీరందని మడి

ఊపిరితిత్తుల ధమనిలో రక్తం గడ్డ ఇరుక్కుంటే, చాలామందికి మందుల అండతో ఒళ్లే దాన్ని కరిగించుకుంటుంది. కొద్దిమందిలో కరగదు. మూడు నెలలు రక్తాన్ని పలచబరిచే మాత్రలు వాడాక కూడా నాలుగు మెట్లెక్కేసరికి రొప్పు వస్తోందంటే పాత గడ్డ కోసం వెతకాల్సిందే. నిజానికి దాన్ని గడ్డ అనకూడదు. అప్పటికది మచ్చగా మారి, గొట్టంలో గార పట్టినట్టు నాళం గోడకు అంటుకుపోయి ఉంటుంది.

కొత్త గడ్డ సీటీలో తేలిగ్గానే దొరుకుతుంది. నరంలోకి ఎక్కించిన అయోడిన్ మందుతో ధమనులు తెల్లగా మెరుస్తుంటే, గడ్డ నల్లగా నిలబడుతుంది, నాళం ఉబ్బుతుంది. పాతదైతే నాళమే కుంచించుకుపోతుంది. గోడవారగా పలచటి పొర, అడ్డంగా సన్నటి పోగులు, సాలెగూడు లాంటి అల్లిక. అలవాటుపడ్డ కన్నయితే తప్ప పోల్చుకోలేదు. సీటీ బాగానే ఉందనిపించుకుని ఆస్తమా మందులతో నెట్టుకొచ్చేవాళ్లు అందుకే ఉంటారు.

ఇక్కడ ఆదుకునేది 1960ల నాటి మసక బొమ్మ, వీ-క్యూ స్కాన్. కాలవలో పూడిక వెతక్కుండా, గట్టెక్కి ఏ మడి ఎండిందో చూడటం లాంటిది. రోగిని పడుకోబెట్టి, రేడియోధార్మిక టెక్నీషియం తగిలించిన ఆల్బుమిన్ రేణువులను నరంలోకి ఎక్కిస్తారు. కేశనాళికల కన్నా లావు కాబట్టి అవి అక్కడే చిక్కుకుంటాయి. (కంగారక్కర్లేదు, మూసుకునేవి వెయ్యింటికి ఒకటి కూడా కాదు, కొన్ని గంటల్లో రేణువులే విరిగిపోతాయి.) రక్తం చేరినచోటల్లా గామా కెమెరాకు వెలుగు కనిపిస్తుంది. చేరనిచోట చీకటి, పుచ్చకాయ ముక్క కోసి తీసినట్టు. రెండో బొమ్మ పీల్చిన గాలిది. గాలి అంది రక్తం అందని చోటు మీదే అనుమానం. రక్తపు బొమ్మ నిండుగా వస్తే ఈ జబ్బు దాదాపు లేనట్టే. 2007లో అచ్చయిన ఒక బ్రిటిష్ పరిశీలనలో ఈ స్కాన్ నూటికి 96 మందికి పైగా రోగులను పట్టుకుంటే, సీటీకి చిక్కింది 51 మందే. ఆ తర్వాత సీటీ చాలా మెరుగుపడింది లెండి. అయినా తొలి వడపోతకు పాత బొమ్మనే ఇప్పటికీ నమ్ముతారు.

కత్తి ఎక్కడ పెట్టాలో మాత్రం అది చెప్పదు. దానికి గుండె గుండా సన్నటి గొట్టం పంపి తీసే యాంజియోగ్రామ్, మళ్లీ సీటీ కావాలి. మచ్చ చేతికందేచోట ఉంటే, ఒంటిని 20 డిగ్రీల దాకా చల్లబరిచి, రక్త ప్రసరణను 20 నిమిషాల చొప్పున ఆపుతూ, నాళం లోపలి పొరను ఒలుస్తారు. పసుపు కలిసిన తెలుపులో, కొమ్మలు రెమ్మలుగా, ధమనిని పోతపోసినట్టు బయటికొస్తుంది. నీలం గుడ్డ మీద పరిచి ఫొటో తీస్తారు. స్కాన్‌ను పక్కన పెట్టి చూస్తే ఏ రెమ్మ ఏ చీకటిదో చాలావరకు పోల్చుకోవచ్చు.