మెదడు అల్లికకు గణితరూపము
మానవుని మెదడునందు సుమారు 8,600 కోట్ల నాడీకణములు కలవు. ఒక్కొక్క కణము ఇతర కణముల సంకేతములను గ్రహించి, వాని మొత్తము ఒక మితిని మించినప్పుడే తానును సంకేతము పంపును. 1943లో అమెరికాలో మెకల్లక్, పిట్స్ అను శాస్త్రజ్ఞులు ఈ పద్ధతికి గణితరూపము నిచ్చిరి. 2024 నోబెల్ బహుమతి గ్రహీతయగు హాప్‌ఫీల్డ్ 1982లో రూపొందించిన నమూనాలో జ్ఞాపకము ఏ ఒక్క కణమునందును గాక, కణముల నడుమ గల బంధములన్నిటియందును వ్యాపించి యుండును. కొంత ఆనవాలు చూపిన చాలును, తక్కినది తానే పూరించుకొనును.

నేటి కంప్యూటర్లును ఉదాహరణములనుబట్టి ఇట్టి బంధముల బలమును సవరించుకొనుచు నేర్చుచున్నవి. ఉదాహరణములు తప్పైనచో తీర్పును తప్పే యగును. కావున అట్టి యంత్రము సాయమున లబ్ధిదారుల జాబితా తయారైనచో, అర్హుని పేరు జారిపోయినదేమో ఇంటింట విచారించుట పంచాయతీ సభ్యుల విధి.