రోమక తామ్ర నాణెముల గుర్తింపు : కొన్ని సూచనలు

గుంటూరు, ప్రకాశం జిల్లాల నల్లరేగడి చేలలో దుక్కి దున్నునపుడు ప్రాచీన నాణెములు బయల్పడు సందర్భములు కలవు. తల బొమ్మ గల రాగి బిళ్లను చూచినంతనే రోమక నాణెమనుట సులభము, నిరూపించుట కష్టము. ఆ నిరూపణ క్రమమును వివరించుట ఈ వ్యాసోద్దేశము.

ఈ ప్రాంతమునకు రోమక నాణెములు చేరినవనుటకు 1889లో వినుకొండలో దొరకిన నిధి ముఖ్యసాక్ష్యము. నేడు పల్నాడు జిల్లాలో నున్న ఆ పట్టణమున లభించినవి 15 బంగారు నాణెములు. అవి టైబీరియస్ (క్రీ.శ. 14-37) మొదలు కరకల్లా (మరణము 217) వరకు గల కాలమునకు చెందినవి. రాబర్ట్ సూయెల్ 1904లో ప్రకటించిన వ్యాసము మనదేశమున దొరకిన రోమక నాణెముల పరిశీలనకు తొలి ఆకరములలో నొకటి.

అయితే బంగారు నిధి చెప్పు కాలమును రాగి నాణెమునకు అన్వయింపరాదు. మధుర, కరూరులందును సింహళమునందును విరివిగా లభించిన రోమక రాగి నాణెములలో అధికభాగము 4, 5 శతాబ్దులవి. వినుకొండ నాణెములు సాతవాహనుల కాలమువి కాగా, అట్టి రాగి బిళ్లలు ఇక్ష్వాకుల యనంతర కాలమునకు చెందును. గుర్తింపు తప్పినచో, నాణెమును బట్టి త్రవ్వకపు పొరకు నిర్ణయించు కాలము రెండు మూడు శతాబ్దులు తారుమారగును.

మొదట లోహము, తూనిక, వ్యాసము, లిపి చూడవలెను. సాతవాహనుల ఓడ బొమ్మ నాణెములు సీసపువి; తల బొమ్మ గలవి వెండివి, వాని అంచున బ్రాహ్మీ లిపి యుండును. కావున అంచునందలి అక్షరములు బ్రాహ్మియా, లాటినా యనునది తొలి ప్రశ్న.

రెండవది వెనుక వైపు. 4వ శతాబ్దపు చక్రవర్తుల ముఖములు ఒక మూసలో పోసినట్లుండును గనుక ముఖమును బట్టి నిర్ణయింపరాదు. వెనుక ఇరువురు సైనికులు నిలిచి, వారి నడుమ రెండు ధ్వజములున్నచో ఆ నాణెము సుమారు 330-335 నాటిది. ఒకే ధ్వజమున్నచో 335-341 నాటిది, తూనికయు తక్కువ. యోధుడు గుఱ్ఱము నుండి పడిన రౌతును ఈటెతో పొడుచు బొమ్మ 348 నుండి వెలువడినది. అక్షరము లరిగిపోయినను బొమ్మయే కాలమును తెలుపును.

మూడవది, బొమ్మ అడుగున గీత క్రింది అక్షరములు. ఇవి టంకసాలను తెలుపును. 'ఎస్ ఎం ఎ ఎల్' అన్నచో అలెగ్జాండ్రియా, 'ఎస్ ఎం ఎ ఎన్' అన్నచో అంతియోకియ. వాని పిదప వచ్చు గ్రీకు అక్షరము అందలి కార్యశాలను సూచించును.

ఈ అక్షరములు చిలుము పొరలో నిలిచియుండును. చింతపండుతో తోమినచో చిలుముతోపాటు అవియు పోవును. కావున నాణెమును తోమక, దొరకిన చేను, లోతు, తోడి పెంకులు వెంటనే వ్రాసికొనవలెను. భూమిలో దాగియుండి దొరకిన నిధి విలువ 10 రూపాయలు మించినచో కలెక్టరుకు తెలుపవలెనని 1878 నాటి నిధి చట్టము విధించుచున్నది. దొరకిన చోటు తెలియని నాణెమును ఏ చక్రవర్తిదో చెప్పవచ్చును గాని, ఈ నేల చరిత్రకు దానిని సాక్ష్యముగా గైకొనుట సాధ్యము గాదు.