మనస్సును తూచు త్రాసు

బిచ్కుందలో ఎనుబది యేండ్లు దాటిన వృద్ధుడొకడున్నాడనుకొందము. ఆతడు పుట్టినది, పెరిగినది, కాపురము చేసినది అంతయు ఆ యూరనే. మతిమరపు హెచ్చినదని కుమారులు ఆతనిని పట్టణమునకు, వైద్యుని యొద్దకు తోడ్కొనిపోయిరి. వైద్యుడు ముప్పది మార్కుల ప్రశ్నపత్రము ముందుంచుకొని, "తాతా, మీది ఏ జిల్లా?" యని యడిగెను. వృద్ధుడు తడుముకొనక "నాందేడ్" అనెను. పత్రమున ఆ ప్రశ్న కెదుట సున్న పడినది.

ఆ సున్న న్యాయమైనదా? 1956 నవంబరు 1వ తేదీ వచ్చువరకు బిచ్కుంద హైదరాబాదు రాష్ట్రమున, నాందేడ్ జిల్లాలోని దెగ్లూరు తాలూకాకు చేరియుండెను. రాష్ట్రముల పునర్వ్యవస్థీకరణ చట్టముచే బిచ్కుంద, జుక్కల్ సర్కిళ్లు ఆంధ్రప్రదేశమునకు వచ్చి నిజామాబాదు జిల్లాలో కలిసినవి. 2014 జూన్ 2న రాష్ట్రము తెలంగాణమయ్యెను. 2016 అక్టోబరు 11న జిల్లా కామారెడ్డి యయ్యెను. వృద్ధుడు కదలలేదు, మూడు జిల్లాలును, మూడు రాష్ట్రములును ఆతని గుమ్మము ముందునుండి నడచిపోయినవి. చిన్ననాట విన్న పేరు నోటికి వచ్చుట అపరాధము కాదు. అట్లని ఆ జవాబు నిర్దోషమనియు చెప్పజాలము. క్రొత్త జ్ఞాపకములు ముందు చెరిగి పాతవి నిలుచుట అల్జీమరు వ్యాధికి తెలిసిన లక్షణమే కదా. ఒకే జవాబునకు రెండు కారణములు కలవు: ఒకటి అలవాటు, రెండవది వ్యాధి. ఈ రెంటిని వేరుచేయలేని ప్రశ్న కొలత యనిపించుకొనదు. మనశ్శాస్త్రజ్ఞుల పెద్ద చిక్కంతయు ఈ చిన్న సున్నయందే యిమిడియున్నది.

గుడ్డను మూరవేసి కొలుతుము, ధాన్యమును రాళ్లువేసి తూతుము. బుద్ధి, భయము, దుఃఖము కంటికి కానరావు, చేతికి చిక్కవు. మనిషి మాటనుండియు, చేష్టనుండియు వానిని ఊహింపవలసినదే. అయినను ఈ యూహలపైననే నేడు అనేకుల బ్రతుకులు ఆధారపడియున్నవి. ఒక బాలునకు మేధోవైకల్యమున్నదా లేదా, ఒక తల్లికి చికిత్స కావలెనా వలదా, ఒక వృద్ధుని మాట చెల్లునా చెల్లదా యనునవి యిట్టి కొలతలపై నిర్ణయమగుచున్నవి. కావున త్రాసు ఎట్టిదో తెలిసికొనుట పండితుల పని మాత్రమే కాదు, తూకమునకు నిలువబడు ప్రజల పనియును.

కంది, సోయాబీన్ అమ్ముకొను రైతునకు కాంటా సంగతి ఒకరు చెప్పనక్కరలేదు. ఒకే బస్తాను మూడుమార్లు పెట్టిన మూడు తూకములు చూపు కాంటా నమ్మదగినది కాదు. మూడుమార్లును ఒకే తూకము చూపినను, ప్రతిసారియు రెండు కిలోలు తక్కువ చూపునది నిలుకడగల కాంటాయే గాని సత్యమైన కాంటా కాదు. శాస్త్రజ్ఞులు మొదటి గుణమునకు విశ్వసనీయత యనియు, రెండవదానికి సప్రమాణత యనియు పేరిడిరి. మొదటిది లేక రెండవది లేదు. కాని మొదటిది యున్నంత మాత్రమున రెండవది రాదు. గడియకొక తీరున చూపు కాంటాను ఎవరైనను అనుమానింతురు. నిలుకడగా దొంగతూకము చూపుదానిని అనుమానించువారు అరుదు. అపాయమంతయు అచ్చటనే యున్నది.

విశ్వసనీయతను పరీక్షించుటకు మూడు మార్గములు ముఖ్యములు. ఒకే మనిషిని కొన్నివారములకు మరల పరీక్షించి రెండు ఫలితములు పొసగుచున్నవో లేదో చూచుట యొకటి. ఒకే పత్రములోని ప్రశ్నలు ఒకదానితో నొకటి ఏకమార్గమున నడచుచున్నవో లేదో లెక్కించుట రెండవది. దీనికి 1951లో క్రాన్‌బాక్ అను అమెరికా పండితుడు ప్రచారము చేసిన సూత్రము నేటికిని వాడుకలో నున్నది. ఒకే మనిషిని ఇద్దరు పరీక్షకులు వేర్వేరుగా చూచి యొకే మాట చెప్పుదురో లేదో తెలిసికొనుట మూడవది. ఈ పరీక్షల ఫలితమును సున్నకును ఒకటికిని నడుమ నొక యంకముగా వ్రాయుదురు.

ఆ యంకము ఎంత హెచ్చైనను దోషము పూర్తిగా తొలగదు. ఒక పరీక్షకు విశ్వసనీయత 0.91, అంకముల ప్రామాణిక విచలనము 15 అనుకొందము. లెక్కవేసిన కొలతదోషము 4.5 అగును. అనగా 70 వచ్చిన బాలుని నిజమైన యంకము 61కిని 79కిని నడుమ ఎచ్చటనైనను ఉండవచ్చును. ఇది బడి లెక్క మాత్రమే కాదు. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టమునకు అనుబంధముగా 2018లో కేంద్రప్రభుత్వము ప్రకటించిన మార్గదర్శకములలో, సాంఘిక పరిణతిని కొలుచు వైన్‌లాండ్ మాపకముపై 55 మొదలు 69 వరకు వచ్చినవారికి 50 శాతము వైకల్యముగను, 70 మొదలు 84 వరకు వచ్చినవారికి 25 శాతముగను నిర్ణయించిరి. చట్టపు ముఖ్యమైన సౌకర్యములకు 40 శాతము గీత. కాగా 69 వచ్చిన బిడ్డ గీత కీవలకును, 70 వచ్చిన బిడ్డ ఆవలకును పోయిరి. ఒక్క యంకపు తేడా! కొలతదోషమో దానికి ఎన్నియో రెట్లు. గీత లేక పరిపాలన సాగదనుట నిజమే. కాని గీత చెంత నిలిచిన బిడ్డను మరియొకమారు, మరియొక రీతిని చూడక పంపివేయుట న్యాయము కాదు.

సప్రమాణత సంగతి ఇంతకంటె కష్టము. 1905లో ఫ్రాన్సున బీనే, సీమోను అనువారు బడిలో వెనుకబడిన పిల్లలను గుర్తించి తోడ్పడుటకై యొక పరీక్షను కూర్చిరి. అది పుట్టుకతో వచ్చిన మార్పులేని బుద్ధిని కొలుచు గజముగా వాడబడుట బీనే కిష్టము లేదు. అయినను పరీక్ష సముద్రము దాటినది. 1913లో గొడార్డ్ అనునతడు అమెరికా రేవులో దిగిన పరదేశీయులకు దానిని పెట్టి, వారిలో నధికసంఖ్యాకులు మందబుద్ధులని 1917లో ప్రకటించెను. నెలల కొలది ప్రయాణ క్లేశముతో గాకున్నను దినముల కొలది ఓడ యడుగున నలిగి, తెలియని దేశమున, తెలియని మొగముల నడుమ నిలిచినవాని బెదురును బుద్ధిహీనతగా లెక్కించిరి. మొదటి ప్రపంచ యుద్ధమున 17 లక్షలకు పైబడిన సైనికులను పరీక్షించిరి. ఆ యంకములపై బ్రిగ్‌హామ్ 1923లో జాతుల హెచ్చుతగ్గులను గూర్చి గ్రంథము వ్రాసెను. 1930లో తన నిర్ణయములు నిరాధారములని తానే యొప్పుకొనెను. ఆ యొప్పుకోలు గౌరవనీయమే గాని, అప్పటికే జరిగిన కీడును అది మరల్చలేదు. ఆ త్రాసులు నిలుకడగానే తూచినవి. తూచినది మాత్రము బుద్ధిని కాదు, అమెరికా వాడుకలతో పరిచయమును.

మన దేశపు పండితులు ఈ చిక్కును గుర్తింపకపోలేదు. బిచ్కుందకు పొరుగు భాషలైన కన్నడ మరాఠీలలోనికి బీనే పరీక్షను వి. వి. కామత్ 1930ల దశాబ్దమున మలచెను. 1955లో భాటియా ప్రకటించిన పరీక్షలో దిమ్మలు పేర్చుట, బొమ్మముక్కలు కూర్చుట వంటి చేతిపనులే ప్రధానములు. అంతేకాదు, చదువుకొన్న బాలురకును చదువుకొనని బాలురకును వేర్వేరు ప్రమాణములు ఏర్పరచెను. అక్షరము రానివానిని అక్షరము వచ్చినవాని ప్రక్క నిలిపి కొలువరాదను ధర్మము ఆ యేర్పాటున కలదు. 1984లో సికిందరాబాదున నెలకొన్న జాతీయ సంస్థ మేధోవైకల్యముగల పిల్లల పరీక్షకును, శిక్షణకును దక్షిణదేశమున నొక కేంద్రమైనది.

మొదట చెప్పిన ముప్పది మార్కుల పత్రము 1975లో ఫోల్‌స్టీన్ మొదలగు అమెరికా వైద్యులు కూర్చినది. అందు ఒక వాక్యమును చదివి అట్లు చేయవలెను. ఒక వాక్యమును వ్రాయవలెను. పలుగు పట్టిన చేతికి కలమిచ్చి, వ్రాయలేదు గనుక మతి తప్పినదనుట ఎంత యన్యాయము! హర్యానాలోని బల్లభ్‌గఢ్ పల్లెలలో పనిచేసిన గంగూలీ మొదలగువారు 1995లో ప్రకటించిన హిందీ పరీక్షలో చదువుటకు మారుగా పరీక్షకుని మొగము చూచి అట్లే కన్నులు మూయుమనిరి. పరీక్షింపదలచిన శక్తి యదే; అక్షరమను అడ్డు మాత్రము తొలగినది. తెలుగునను ఇట్టి మలపులు హైదరాబాదు నిజాం వైద్యవిజ్ఞాన సంస్థలో జరిగినవి.

ఆ సంస్థనుండియే 2013లో డాక్టరు అల్లాడి సువర్ణయు, సహచరులును ప్రపంచము చూచిన యొక పరిశోధనను వెలువరించిరి. చిత్తవైకల్య రోగులు 648 మందిని చూడగా, వారిలో 391 మంది రెండుగాని అంతకుమించిగాని భాషలు పలుకువారు. ఒకే భాష వచ్చినవారికంటె వీరికి వ్యాధి సగటున నాలుగున్నర యేండ్లు ఆలస్యముగా పొడసూపెను. చదువురాని వారియందును ఆ తేడా కనబడెను. తెలుగు, మరాఠీ, కన్నడము, ఉర్దూ కలిసి మెలగు బిచ్కుంద సీమవారికి ఇది యాసక్తికరమైన వార్తయే. అయినను ఇచ్చటను కొలతను గూర్చిన ప్రశ్న వేయవలెను. వ్యాధి ఎప్పుడారంభమైనదో చెప్పువారు ఇంటివారు. రోగి వయస్సు పల్లెలయందు పుట్టినతేదీనిబట్టి కాక, పోలీసుచర్య నాటికి ఇంతవాడను గుర్తునుబట్టి లెక్కింతురు. కావుననే ఆ సంవత్సరముల నిర్ణయమునకు ఒకరి మాటకంటె ఇరువురి మాట, ఒక గుర్తుకంటె రెండు గుర్తులు మేలు. ఆ తేడాకు కారణము భాషలేనా, భాషలతో కూడవచ్చిన వ్యాపారమో ప్రయాణమో యను విచారణయు సప్రమాణతలోని భాగమే. మంచి పరిశోధన ఇట్టి ప్రశ్నకు జంకదు.

భావములను కొలుచుటలో భాషయే త్రాసు. కుంగుబాటును కనిపెట్టుటకు 2001లో వెలువడిన తొమ్మిది ప్రశ్నల పత్రమొకటి లోకమంతట వాడబడుచున్నది. ఒక్కొక్క ప్రశ్నకు సున్న మొదలు మూడు వరకు, మొత్తము 27 అంకములు. దానిని గ్రంథభాషలోనికి తెచ్చి "గత రెండు వారములలో నిరుత్సాహముగాని నిస్పృహగాని కలిగెనా?" యని బిచ్కుంద ప్రాంతపు కూలితల్లి నడిగిన ఆమె తెల్లబోవును. ఆమెకు నిస్పృహ లేదు, "రంది" యున్నది. ఆమెకు నిరుత్సాహము తెలియదు; "మనసున వడ్తలేదు", "పాణం మంచిగ లేదు" అని ఆమె చెప్పగలదు. "పాణం మంచిగ లేదు" అన్న మాటలో జ్వరముండవచ్చును, దుఃఖముండవచ్చును. అది దేనికి గుర్తో అడిగి తెలిసికొనక లెక్కలోనికి చేర్చరాదు. అందుచేతనే ఒకడు తెలిగించిన పత్రమును మూలమెరుగని మరియొకడు తిరిగి ఆంగ్లమున పెట్టి, రెంటిని పోల్చి చూచు పద్ధతి యేర్పడినది. అదియును చాలదు, ఆ యూరివారికి వినిపించి, "నీకేమి తెలిసినది?" యని యడుగవలెను.

భాష కుదిరిన పిమ్మటను పత్రము తీర్పు కాదు, జల్లెడ మాత్రమే. మూలపరిశోధనలో 10 అంకముల గీతవద్ద, వ్యాధియున్నవారిలో నూటికి 88 మందిని ఆ పత్రము పట్టినది. లేనివారిలో నూటికి 88 మందిని విడిచినది. వినుటకు గొప్పగా నున్నది. వేయిమందిలో 50 మందికి వ్యాధియున్నదనుకొని లెక్కింపుడు. ఆ 50 లో 44 మంది పట్టుబడుదురు. వ్యాధిలేని 950 మందిలో 114 మంది కూడ పట్టుబడుదురు. పట్టుబడిన 158 మందిలో నిజమైన రోగులు 44 మందియే! కాగా అంకము చూచి మందు వ్రాయువాడు జల్లెడను రోకలిగా వాడుకొనువాడు. అంకము వెనుక ఎదుటిమనిషితో నెమ్మదిగా మాటలాడుట ఉండితీరవలెను.

ఇక ప్రవర్తన. ఇది కంటికి కనబడునది గనుక సులభమని తోచును. బడిపిల్లలలో జగడమాడువారిని ఇద్దరు వేర్వేరుగా గుర్తించి, నూటికి 90 మార్లు ఏకీభవించిరనుకొందము. కాని ఒక్కొక్కడు నూటికి 90 మార్లు "జగడము లేదు" అనియే వ్రాయువాడైనచో, కన్నులు మూసికొని వ్రాసినను 82 మార్లు వారి మాట కలియును. ఆ కాకతాళీయమును తీసివేసి లెక్కించు విధమును కోహెన్ 1960లో చూపెను. ఆ లెక్కన వీరి యేకీభావము 0.44 మాత్రమే. పైకి కనబడు ఒప్పందమంతయు సత్యమునకు సాక్ష్యము కాదు.

ఇంతయు చెప్పుట కొలతలను నిరసించుటకు కాదు. కొలత లేనిచోట పెద్దమనిషి నోటిమాటయే శాసనమగును. పెద్దమనిషి కన్ను పేదవానియెడ ఎట్లుండునో మనకు తెలియని సంగతి కాదు. మంచి కొలత బలహీనునికి రక్షణ. అందుచేతనే త్రాసును గట్టిగా పరిశీలింపవలెననుచున్నాము. బిడ్డను శిబిరమునకు తీసికొనిపోవు తండ్రి మూడు ప్రశ్నలు అడుగదగును: ఈ పరీక్ష మా భాషలో, మా వంటి పిల్లలపై సరిచూడబడినదా? మరియొకమారు చేసిన ఇంతే వచ్చునా? ఈ యంకము బుద్ధిని చెప్పుచున్నదా, బడిలేమిని చెప్పుచున్నదా? ఈ ప్రశ్నలకు విసుగుకొనక జవాబిచ్చుట పరీక్షకుని ధర్మము.

బిచ్కుంద వృద్ధుని సంగతి మిగిలినది. ఆతనిని వదలివేయలేదు గదా యని చదువరులు అడుగవచ్చును. వైద్యుడు సున్న వేసి ఊరకుండక, "తాతా, అంతకుముందు ఏ జిల్లా? ఆ తరువాత ఏది?" యని మరి రెండు ప్రశ్నలు వేసియుండవలసినది. మూడు జిల్లాలును వరుసగా చెప్పగలిగిన జ్ఞాపకమునకు సున్న వేయు పత్రము ఏదైనను, దోషము జ్ఞాపకమునందు కాదు, పత్రమునందే. చెప్పలేక తడబడినచో, అప్పుడు వైద్యము నిజముగా ఆరంభము కావలెను. రెండు విధములను ఆతనికి దక్కవలసినది న్యాయమైన తూకము.